ఎ-7 అని రాసినచోట ఎ-7 ఉండొద్దా?

సంపాదకులకు,

కోర్టుల్లో పేరుకుపోయిన కేసుల మీద పది రోజుల కిందట మీరు వేసిన కథనం చదివాను. జడ్జీల ఖాళీలు, వాయిదాలు కారణమని రాశారు. కాదనను. కానీ ప్లీడరు గుమస్తాగా ముప్పై ఏళ్లు దబ్బనంతో కేసు కాగితాల కట్టలు కుట్టినవాణ్ణి. మీరు వదిలేసిన కారణం ఒకటుంది: దాఖలు చేసే కాగితాలకు వరుసా పద్ధతీ లేకపోవడం. దానివల్ల పోయే కాలాన్ని ఎవరూ లెక్కేయరు.

మా పెద్దమ్మ వేసిన పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంపకం దావా సంగతే చెబుతాను. సాక్షి తన వాంగ్మూలాన్ని ముందే రాసిచ్చే చీఫ్ అఫిడవిట్‌లో ‘ఎ-7, 1987 నాటి క్రయదస్తావేజు’ అని రాశారు; ఎ-7 అంటే వాది తరఫు ఏడో పత్రం. పత్రాల జాబితాలో ఏడోది అదే. తీరా మార్కింగ్ రోజున, అంటే కోర్టు పత్రాలను సాక్ష్యంగా తీసుకుని నంబర్లు వేసే రోజున, నాలుగో కాగితం ఉత్త జిరాక్స్ అని మార్కు చేయలేదు. దాంతో కింద ఉన్నవన్నీ ఒక్కో నంబరు పైకి జరిగి, క్రయదస్తావేజు ఎ-6 అయింది. అఫిడవిట్‌లో మాత్రం పాత నంబర్లే ఉండిపోయాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి ప్లీడరు గారు ఎ-7 ఆమె చేతికిచ్చి, ‘మీ నాన్నగారు కొన్నానన్న దస్తావేజు ఇదేనా?’ అని అడిగారు. ఆమె చేతిలో ఉన్నది ఇంటిపన్ను రశీదు. ‘ఇది కాదండీ’ అంది. ఉన్నమాటే చెప్పింది. అది వాంగ్మూలంలో అలాగే ఎక్కింది. ఇక సాక్షిని మళ్లీ పిలిపించాలని సివిల్ దావాల విధానం చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 17వ రూలు కింద పిటిషను, దానికి అవతలివాళ్ల కౌంటరు, ఆపైన వాదనలు. పదకొండు నెలలు పోయాయి. మార్కింగ్ అయిన సాయంత్రం పాత నంబర్లనూ కొత్త నంబర్లనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, మర్నాడే కోర్టు దృష్టికి తెచ్చి ఉంటే ఆమెకు ఈ తిప్పలు ఉండేవా?

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వాది తన పత్రాలను జాబితా రాసి వాదపత్రంతోనే ఇవ్వాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 14వ రూలు చెబుతోంది. ఆ తర్వాత తెస్తే కోర్టు అనుమతి అడగాల్సిందే. మార్కు అయిన పత్రం మీద దావా నంబరు, దాఖలు చేసినవారి పేరు, తేదీ వేసి జడ్జి సంతకం చేయాలని 13వ ఆర్డరు 4వ రూలు. వాదివి ఎ, ప్రతివాదివి బి అన్న వరుస మన కోర్టుల్లో ప్రతి గుమస్తాకూ తెలుసు. క్రిమినల్ కేసుల్లోనూ ప్రాసిక్యూషన్‌కు పి, డిఫెన్స్‌కు డి, కోర్టు పత్రాలకు సి అని దేశమంతా ఒకే పద్ధతి ఉండాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ఇన్ని ఉండీ కట్ట విప్పితే పేజీ నంబరు కనబడదు.

మా ప్లీడరు గారు మొదటి కాగితం నుంచి చివరి దాకా ఒకే వరుసలో నంబర్లు వేయించేవారు. ప్రతి సెట్‌లోనూ అవే నంబర్లు ఉండాలి. జాబితాలో తేదీ, ఎవరు ఎవరికి రాసిచ్చారు, అది ఒరిజినలా, సర్టిఫైడ్ కాపీనా, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు అన్నీ రాయాలి. ఒరిజినల్‌కు దబ్బనం తగలనిచ్చేవారు కాదు, కవరులో పెట్టాల్సిందే. ఆ జాగ్రత్త ఎందుకో నాకు ఒక్కరోజులో అర్థమైంది. వేరేవాళ్ల కట్టలో సర్వే నంబరు మొదటి అంకె మీదే పంచ్ రంధ్రం పడింది. జడ్జిగారు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకేసి పట్టుకుని ‘ఇది నూట పద్నాలుగా, రెండువందల పద్నాలుగా?’ అని అడిగితే ఇద్దరు ప్లీడర్లూ తలలు వంచుకున్నారు.

ఇప్పుడు సెల్‌ఫోన్ మెసేజీల ఫొటోలు వచ్చాయి. ఒక్కో కాగితం మీద నాలుగేసి అంటిస్తారు. తేదీ సగానికి తెగిపోతుంది, పంపినవారి నంబరు కనబడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి రెండు భాగాల సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలూ అక్షరాల గుర్తు) ఉండాలి. అది జతచేయాలని గుర్తొచ్చేది అవతలివాళ్లు అభ్యంతరం చెప్పాకే.

ఫైలింగ్ సెక్షన్ వారినీ అడగాలి. కోర్టు ఫీజు కాస్త తగ్గితే వెంటనే రిటర్న్ కొడతారు, మంచిదే. నల్లగా మసిబారి ఒక్క అక్షరం చదవడానికి రాని జిరాక్స్‌ను ఎందుకు తిప్పి పంపరు? ఈ-ఫైలింగ్‌లో తలకిందులుగా స్కాన్ చేసిన పేజీలు ఎలా ఆమోదం పొందుతున్నాయి? సీనియర్లు జూనియర్లకు వాదించడం నేర్పుతున్నారు, కట్ట కట్టడం నేర్పడం లేదు. ఆ పని చిన్నదనుకుంటున్నారు. పొలం కాగితం ఎక్కడ పోతుందోనని పెట్టె అడుగున బట్టల మధ్య దాచుకుని తెచ్చి ఇచ్చిన కక్షిదారుకు అది చిన్నది కాదు.

జాబితా, పేజీ నంబర్లు సరిపోలాయో లేదో దాఖలు రోజే చూసి, లేకపోతే అప్పుడే తిప్పి పంపేలా హైకోర్టు గట్టిగా ఆదేశాలివ్వాలి. మీ పత్రిక కూడా ఈ సంగతి ఒకసారి రాయాలని కోరుతున్నాను.

మా పెద్దమ్మను మళ్లీ విచారించడానికి అనుమతి వచ్చింది. ఈమధ్య ఆమెకు చూపు తగ్గింది. ఆ దస్తావేజు పెద్దక్షరాల్లో టైపు చేయించి, రోజూ చదివి వినిపిస్తున్నాను.

– విశ్రాంత ప్లీడరు గుమస్తా