శ్రావణికి, కూంబ్స్ గురించి

చిరంజీవి శ్రావణికి, నాన్న ఆశీస్సులు.

బ్లడ్ బ్యాంకులో గ్రూపులు చూడటం, క్రాస్ మ్యాచ్ చేయడం తప్ప పరిశోధనకు చోటెక్కడుందని నీ ఉత్తరంలో అడిగావు. తోటివాళ్ళు రేడియాలజీకి వెళ్తుంటే నువ్వు ఎండీలో ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ తీసుకున్నందుకు బెంగపడుతున్నట్టున్నావు. ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీని (పరాయి కణాల మీద శరీరం తయారుచేసే విరుగుడు ప్రోటీన్‌ని) పట్టిచూపే, నువ్వు రోజూ చేసే కూంబ్స్ టెస్టు ఏ మనిషి పేరు మీద ఉందో ఆయన సంగతే నీకు జవాబుగా రాస్తున్నాను.

రాబిన్ కూంబ్స్ 1921లో లండన్‌లో పుట్టాడు. చదివింది మనుషుల వైద్యం కాదు, ఎడింబరోలో పశువైద్యం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే పరిశోధన కోసం కేంబ్రిడ్జి చేరాడు. యుద్ధం వల్ల లండన్ నుంచి తరలివచ్చిన గాల్టన్ లేబొరేటరీ సీరం విభాగం కూడా అప్పుడు ఆ ఊళ్ళోనే ఉండేది. రాబ్ రేస్, ఆర్థర్ మౌరాంట్ అక్కడివారే. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రవేత్తలు చాలామంది ఎర్రకణాల మీద ఉండే ఆర్‌హెచ్ కారకాన్ని ప్రకటించాక, ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లులకు పుట్టిన కొందరు బిడ్డలు కామెర్లతో, రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో తెలిసివచ్చింది గాని, ఆ తల్లుల సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) ఉండి బిడ్డ కణాలను దెబ్బతీసే యాంటీబాడీ చాలాసార్లు ట్యూబులో పట్టుబడేది కాదు. ఎర్రకణాలకు అంటుకునేది, కానీ వాటిని గుంపు కట్టించేది కాదు.

కారణం నీకు తెలిసిందే. ఎర్రకణాల మీద రుణావేశం ఉండటంతో అవి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి, ఆ ఎడాన్ని దాటి రెండు కణాలను కలిపి పట్టుకునేంత పొడవు ఐజీజీ అనే ఆ రకం యాంటీబాడీకి ఉండదు. కూంబ్స్ ఒక రాత్రి లండన్ నుంచి కేంబ్రిడ్జికి తిరిగి వస్తూ, యుద్ధకాలపు మసక వెలుతురు రైలు పెట్టెలో, కణం మీద అంటుకుని ఉన్న ఆ యాంటీబాడీని ఊహించుకుంటూ కూర్చున్నాడట. యాంటీబాడీ కూడా గ్లోబ్యులిన్ అనే ప్రోటీనే కదా, మనిషి గ్లోబ్యులిన్‌కు విరుగుడుగా కుందేలులో తయారైన సీరం కలిపితే అది రెండు వైపులా పట్టుకోవాలి! కాలువకు ఇటూ అటూ నిలబడ్డ ఇద్దరి చేతులు అందనప్పుడు మధ్యలో దిగిన మూడోవాడు ఇద్దరినీ పట్టుకున్నట్టన్నమాట. మౌరాంట్, రేస్‌లతో కలిసి ఆ పద్ధతిని 1945లో ప్రకటించాడు. ఆ మరుసటి ఏడాదే జబ్బుపడ్డ పసికందుల కణాలను నేరుగా పరీక్షించి చూపించారు. అప్పటికి ఆయనకు పీహెచ్‌డీ కూడా రాలేదు.

ఇదే ఆలోచనను కార్లో మొరెస్కి అనే ఇటాలియన్ 1908లోనే రాసి ఉన్నాడని తర్వాత బయటపడింది. ఆ సంగతి తెలిశాక కూంబ్స్ దాన్ని మరుగుపరచలేదు, మొదట చెప్పింది మొరెస్కియేనని ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువగా కలిగింది ఇక్కడే.

ఆ పరీక్ష చేతికందాక అంతవరకూ కనబడని గ్రూపులు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి: 1946లో కెల్, 1950లో డఫీ, 1951లో కిడ్. ఇవన్నీ రక్తం ఎక్కించుకుని ఇబ్బందిపడ్డ రోగులో, జబ్బుతో పుట్టిన బిడ్డల తల్లులో తెచ్చిపెట్టిన ప్రశ్నలే. మన దేశంలో 1952లో భేండే బృందం బొంబాయి గ్రూపును గుర్తించినప్పుడూ అంతే, ఏ దాత రక్తమూ సరిపడని కొందరి నమూనాలు బల్ల మీదికి వచ్చాయి. కూంబ్స్ ఆ తర్వాత ఇమ్యునాలజీలో చాలా దూరం వెళ్ళాడు. ఫిలిప్ గెల్‌తో కలిసి 1963లో చేసిన నాలుగు రకాల హైపర్‌సెన్సిటివిటీ (అలర్జీలాంటి అతిస్పందన) విభజనను నువ్వు ఎంబీబీఎస్‌లో బట్టీపట్టే ఉంటావు. ఉయ్యాలలో హఠాత్తుగా చనిపోయే శిశువులకు ఆవుపాల అలర్జీ కారణం కావచ్చునని కూడా ఆయన వాదించాడు, అది నిలబడలేదు.

మా కాలంలో కణాలను సెలైన్‌తో మూడుసార్లు కడిగి, చివరి కడుగు నీళ్ళు పూర్తిగా వంచేశాకే యాంటీ హ్యూమన్ గ్లోబ్యులిన్ (కూంబ్స్ వాడిన ఆ విరుగుడు సీరం లాంటిదే) చుక్కలు వేసేవాళ్ళం. కడగడంలో కాస్త సీరం మిగిలిపోయినా అందులోని గ్లోబ్యులిన్ ఆ చుక్కలను మింగేసి, పాజిటివ్ రావలసినది నెగెటివ్‌గా కనిపించేది. అందుకే నెగెటివ్ వచ్చిన ప్రతి ట్యూబులోనూ ముందే యాంటీబాడీ అంటించిన చెక్ సెల్స్ వేసి, అవి గుంపు కడితేనే నెగెటివ్ అని రాసేవాళ్ళం. ట్యూబుకు బదులు వాడే జెల్ కార్డులు వచ్చాక మీకు ఆ కడుగుడు తప్పింది గాని, ట్యూబులో ఒక్కసారైనా చేసి చూడు. రియాజెంట్ ఎక్కడ ఓడిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక నీ థీసిస్ సంగతి. మీ ఆసుపత్రికి నెల నెలా రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే తలసీమియా పిల్లలున్నారని రాశావు. అన్నిసార్లు పరాయి రక్తం ఎక్కినప్పుడు కొందరిలో కెల్‌కో, ఆర్‌హెచ్‌లోని సి, ఇ లకో యాంటీబాడీ తయారవుతుంది, ఆపైన సరిపడే రక్తం దొరకడం కష్టమవుతుంది. చాలా చోట్ల ఏబీఓ, ఆర్‌హెచ్ డి మాత్రమే కలిపి చూసి ఇచ్చేస్తారు. మీ దగ్గర పిల్లల్లో ఏ యాంటీబాడీలు వస్తున్నాయి, ఎన్నో సంచి తర్వాత వస్తున్నాయి, మొదటినుంచీ కెల్ కూడా చూసి ఇస్తే తగ్గుతాయా అన్నది నీ చేతిలో ఉన్న పని. నీ గైడ్ మేడమ్‌తో మాట్లాడేలోపు ఒక్కొక్క బిడ్డకు మొదటి సంచి ఎప్పుడు, ఎక్కడ ఎక్కించారన్న రికార్డు దొరుకుతుందో లేదో తేల్చుకో. వేరే ఊళ్ళో ఎక్కించుకుని వచ్చినవాళ్ళ వివరాలు దొరక్కపోతే వాళ్ళను విడిగా లెక్కపెట్టడం మంచిది.

మీ నాన్న