మొక్కై వంగనిది అన్నావు చూడు

ఒరేయ్ మామా,

గృహప్రవేశం రోజు భోజనం చేయకుండా, కనీసం చెప్పకుండా వచ్చేశామని నువ్వు బాధపడుతున్నావట, చెల్లెమ్మ ఫోన్‌లో చెప్పింది. బాధపడటంలో తప్పేం లేదు. ఇరవై ఏళ్ల స్నేహం మనది, నీ ఇంట్లో పాలు పొంగడం కళ్లారా చూసి విస్తరి ముందు కూర్చోకుండానే లేచొచ్చేశాను. ఎందుకో ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలో ఏదో అంటావు, నేను గొంతు పెంచుతాను, అసలు మాట పక్కకిపోతుంది. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

మావాడికి ఆటిజం అన్న సంగతి నీకు తెలిసిందే. సన్నాయి మొదలవగానే చెవులు మూసుకున్నాడు, అది నువ్వూ చూశావు. తర్వాత మైకు కుయ్యిమంది, పిల్లలెవరో బెలూన్ పేల్చారు, మీ పెదనాన్న ప్రేమగానే వాణ్ణి ఎత్తుకోబోయారు. ఇక అంతే, కింద పడి తల గచ్చుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడి తలకీ నేలకీ మధ్య నా అరచెయ్యి పెట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నా. అప్పుడే నువ్వు నా భుజం మీద చెయ్యేసి, మెల్లిగానే, "మొక్కై వంగనిది మానై వంగునా రా, ఇప్పుడే కాస్త గట్టిగా ఉండాలి" అన్నావు. చుట్టూ ఉన్న నలభై మందీ నన్నెలా చూశారో నాకు పట్టలేదు, తొమ్మిదేళ్లుగా అలవాటే. నువ్వు అన్నావు చూడు, అదే తట్టుకోలేకపోయాను.

మారాం చేసే పిల్లాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని గమనిస్తుంటాడు, అడిగింది చేతిలో పెడితే టక్కున ఆపేస్తాడు. మావాడు అప్పుడు ఎవర్నీ చూడడు. ఏమిచ్చినా ఆగదు, ఎందుకంటే వాడు ఏదీ అడగట్లేదు. మనమిద్దరం పెళ్లి పందిట్లో కూర్చున్నా ఒకరి మాట ఒకరం వినగలం కదా, మిగతా గోలని మన బుర్ర పక్కకి నెట్టేస్తుంది. వీడికి ఆ నెట్టేయడం కుదరదు, అన్ని శబ్దాలూ ఒకేసారి మీద పడతాయి. అలాంటప్పుడు గట్టిగా ఉండటమంటే ఏంట్రా? రెండు తగిలించడమా? ఒకసారి అదీ చేశాను, వాడికి అయిదేళ్లప్పుడు, మా అత్తగారింట్లో అందరూ చూస్తున్నారన్న కోపంతో. నా చెయ్యి పైకి లేస్తే ఇప్పటికీ తల పక్కకి తిప్పుకుంటాడు, చొక్కా తొడగడానికి లేపినా సరే.

ఆ సామెత ఇంకోవైపు నుంచి కూడా నన్ను పొడిచింది, అది నీకు తెలీదు. రెండేళ్లొచ్చినా మాటల్లేవంటే, మగపిల్లలకి ఆలస్యమే, మీ నాన్నకీ నాలుగేళ్లకి గానీ రాలేదు అని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ హాయిగా నమ్మాను. ఏడాదిన్నర అలా పోయింది. తీరా సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల్ని చూసే ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లాక, ఎంత చిన్న వయసులో థెరపీ మొదలుపెడితే అంత మంచిదని చెప్పారు. వాళ్లు మామూలుగానే చెప్పారు, నాకు మాత్రం ఆ పోయిన ఏడాదిన్నరే వినపడింది. రెండు మూడేళ్లు రాత్రుళ్లు అదే లెక్క. 1984 నుంచీ ఉన్న సంస్థ అది, మనం డిగ్రీలో ఉండగా ఎన్నోసార్లు ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్లాం, లోపల ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు.

అక్కడ పరీక్ష ఎలా చేస్తారో తెలుసా? ఇసా (ISAA) అని ఆటిజాన్ని కొలిచే ఒక కొలమానం ఉంది, మన దేశం పిల్లల కోసం చేసిందే. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. కళ్లలోకి చూస్తాడా, ఒంటరిగా ఉంటాడా, కావలసింది మన చెయ్యి పట్టుకుని చూపిస్తాడా, ఇలా. నేను కుర్చీలో కూర్చుని, అమ్మానాన్నలు ఎలా పెంచారు, క్రమశిక్షణ నేర్పారా అనే ప్రశ్న ఎప్పుడొస్తుందా అని భయపడుతూనే ఉన్నా. రాలేదు. నలభైలో ఒక్కటీ దాని గురించి కాదు. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి మీ చెల్లెలికి, అదే మా ఆవిడకి, ఆ మాటే చెబితే, అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి బోరుమంది. ఎందుకంటే గ్రహణం రోజు కూరగాయలు తరిగిందని, ఉద్యోగం మానలేదని, ఫోన్ ఇచ్చిందని అన్నీ దాని నెత్తినే వేశారు కదా. చదువుకోని వాళ్లే ఇలా అంటారనుకోకు. 1943లో కానర్ అనే డాక్టర్ ఆటిజం గురించి రాశాక, తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే ఏళ్ల తరబడి నమ్మారు. అది తప్పని తేలేలోపు ఎంతమంది తల్లులు ఏడ్చి ఉంటారో తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుంది.

నువ్వు పంపే పేరెంటింగ్ వీడియోలు చూస్తుంటాను, పంపడం మానకు. కానీ వాటిల్లో చెప్పేవాళ్లందరూ ఒకటి ముందే అనుకుని మొదలుపెడతారు, మనం సరిగ్గా చేస్తే పిల్లలు సరిగ్గా వస్తారని. "ఆకలేస్తే వాడే తింటాడు" అంటారు. మావాడు తినడు. దోసె మీద ఎర్రమచ్చ పడిందని రెండు రోజులు మంచినీళ్లతో ఉన్నాడు, మూడోరోజు ఆసుపత్రిలో సెలైన్ పెట్టించాం. ఇప్పుడు మీ చెల్లెలు పెనాన్ని సిమ్‌లో పెట్టి, అంచు రంగు మారకముందే తీస్తుంది. ఎవరైనా చూస్తే గారాబం అనుకుంటారు. గోళ్ల సంగతైతే ఇంకా చెప్పాలి. రోజుకి ఒక్క వేలు, నిద్ర పట్టాక, ఫోన్ లైటు కప్పిపెట్టి తీస్తాను. పదో వేలికి వచ్చేసరికి మొదటిది పెరిగిపోయి ఉంటుంది. పోయిన నెల ఒక ఆదివారం, మెలకువగా ఉండగానే వాడంతట వాడు బొటనవేలు నా ముందు పెట్టాడు. ఒక్క వేలే. నేను ఆ గోరు కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నా, ఇప్పటికీ ఉంది.

ఇంకోటి, "ప్రత్యేకమైన పిల్లల్ని దేవుడు ప్రత్యేకమైన తల్లిదండ్రులకే ఇస్తాడు" అని మీ అమ్మగారు అన్నారు. పెద్దావిడ, మనసులో మంచే ఉంది. కానీ ఆ మాట వింటే నాకు చేతులు కట్టేసినట్టుంటుంది. అలసిపోయానని చెప్పుకునే దారి మూసుకుపోతుంది కదరా. నేను అందరిలాంటి తండ్రినే, అవసరం పడి నేర్చుకున్నాను.

స్కూలు సంగతి నీకు కొంత తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం కనీసం నలభై శాతం వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది, వాడి సర్టిఫికెట్‌లో అంతకంటే ఎక్కువే ఉంది. అయినా మా వీధి చివరి బడిలో, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండీ అన్నారు. మిగతా పేరెంట్స్ అంటే నీలాంటి వాళ్లే, నేను కూడా ఒకప్పుడు అలాగే ఉండేవాణ్ణేమో.

పద్దెనిమిదేళ్లు నిండితే పిల్లలు వాళ్ల కాళ్ల మీద నిలబడతారు, మన పని అయిపోతుంది అని నువ్వంటుంటావు. మాకు అక్కడే కొత్తది మొదలవుతుంది. ఆ రోజు నుంచి కన్నతండ్రినైనా చట్టం దృష్టిలో నేను వాడి గార్డియన్‌ని కాను, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే కమిటీకి అర్జీ పెట్టుకుని అవ్వాలి. మరి నా తర్వాత ఎవరు అని రాయాలి? బంధువులందరికీ జవాబు సిద్ధంగా ఉంది, "అక్క ఉందిగా". మొన్న మీ ఇంట్లోనే ఎవరో మా పాప గడ్డం పట్టుకుని, "తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలమ్మా" అన్నారు. పన్నెండేళ్ల పిల్ల, బుద్ధిగా తలూపింది. కారెక్కాక, "నాన్నా, నేను వేరే ఊళ్లో చదువుకోవచ్చా?" అని అడిగింది. నీ ఇంటి నుంచి లేచొచ్చేయడానికి నీ మాట ఒక కారణమైతే, ఇంకెప్పుడూ దాని ముందు ఎవర్నీ ఆ మాట అననివ్వకూడదని నిర్ణయించుకున్నది ఆ ప్రశ్నతోనే. ఎక్కడికైనా వెళ్లు తల్లీ అని చెప్పాను. వాడి కోసం ఏం చేయాలో మేమిద్దరం చూస్తున్నాం, మాలాంటి నాలుగు కుటుంబాలతో మాట్లాడుతున్నాం, ఇంకా ఏదీ తేలలేదు.

నువ్వు గమనించావో లేదో, ఆ గొడవంతా సద్దుమణిగాక మీ అమ్మాయి వచ్చి మెట్ల కింద వాడి పక్కన కూర్చుంది. పేరు అడగలేదు, చెయ్యి పట్టుకోలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. వాడు ఫ్యాన్ రెక్కలు చూస్తుంటే తనూ తలెత్తి అవే చూసింది. కాసేపటికి వాడు కొంచెం జరిగి తనకి చోటిచ్చాడు. ఇంతవరకూ ఎవరికీ అలా ఇవ్వలేదురా.

సంక్రాంతి సెలవుల్లో మీరంతా మా ఇంటికి రండి. కుక్కర్ పెట్టం, టీవీ పెట్టం, వాడు ఎదురు రాకపోయినా ఏమీ అనుకోకండి. మీ అమ్మాయిని మాత్రం తప్పకుండా తీసుకురా. మా హాల్లో రెండు ఫ్యాన్లున్నాయని చెప్పు.

నీ
మామ