స్టార్ట్ కాని కంప్యూటర్‌కు ఫార్మాట్ మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ ఆన్ కాలేదని ఎవరైనా అంటే చాలామంది వెంటనే చెప్పే మాట ఒకటే: ‘విండోస్ పోయినట్టుంది, ఫార్మాట్ కొట్టేయండి’. ఫ్యాన్ కూడా తిరగని కంప్యూటర్‌కూ అదే సలహా, లోగో దగ్గర ఆగిపోయిన కంప్యూటర్‌కూ అదే సలహా. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం. ఎస్ఎంపీఎస్ (భాగాలన్నింటికీ కరెంటు అందించే డబ్బా) కాలిపోయినా, ర్యామ్ (తాత్కాలిక మెమరీ కడ్డీ) కదిలిపోయినా అది బాగుచేసేది ఏమీ లేదు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు పోతాయి, కంప్యూటర్ మాత్రం అలాగే కూర్చుంటుంది. ఈ నష్టం చాలా ఇళ్లలో అనవసరంగా జరుగుతోంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది అది ఎక్కడ ఆగిందనేది. బటన్ నొక్కితే చడీచప్పుడు లేదా? ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉందా? కంపెనీ లోగో వచ్చాక డిస్కు దొరకలేదంటోందా? విండోస్ మొదలయ్యాక కూలిపోతోందా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. మొదటి రెండింటికీ విండోస్‌తో సంబంధమే లేదు, అప్పటికి విండోస్ ఇంకా రంగంలోకే రాలేదు.

చడీచప్పుడు లేకపోతే వెతుకులాట గోడ ప్లగ్గు నుంచి మొదలుపెట్టాలి. అదే ప్లగ్గులో వేరే వస్తువు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడకే పెట్టండి. క్యాబినెట్ వెనక ఎస్ఎంపీఎస్ పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది, గీత గుర్తు వైపు ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఇది ఆఫ్ అయిపోవడం మామూలే. మానిటర్ పవర్ కేబుల్ కూడా చాలావరకు కంప్యూటర్ పవర్ కేబుల్ లాంటిదే, కాబట్టి మార్చి చూడటం అర నిమిషం పని.

ఇవన్నీ సరిగ్గా ఉంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి చూడండి. చాలా మదర్‌బోర్డుల (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) మీద ప్లగ్గు పెట్టగానే చిన్న లైటు వెలుగుతుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఎస్ఎంపీఎస్ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు పంపుతూనే ఉంటుంది, ఆ లైటు దానిదే. అది వెలుగుతోందంటే ఎస్ఎంపీఎస్ పూర్తిగా చావలేదు, అనుమానం ముందుభాగంలోని పవర్ బటన్ మీదికి మళ్లుతుంది. బటన్ నుంచి వచ్చే సన్నటి వైర్లు బోర్డు అంచున రెండు పిన్నులకు తగిలి ఉంటాయి. వాటిని తీసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే చెడింది బటనే. అక్కడ ఉండేది చాలా తక్కువ వోల్టేజీ, షాక్ కొట్టదు. అయితే ఏ పిన్నులో బోర్డు మీది అక్షరాలో, మాన్యువలో చూసి తేల్చుకున్నాకే కలపాలి.

బోర్డు లైటు వెలగకపోతే ఎస్ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. ప్లగ్గు తీసి, బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌ను ఊడదీయాలి. అందులోని ఆకుపచ్చ వైరునూ, దాని పక్క నల్ల వైరునూ వంచిన పేపర్ క్లిప్‌తో కలిపి, తర్వాత ప్లగ్గు పెట్టాలి. ఫ్యాన్ తిరగకపోతే ఎస్ఎంపీఎస్ పోయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. లోడు పెరిగితేనే ఫ్యాన్ తిరిగే మోడళ్లు మాత్రం దీనికి మినహాయింపు. తిరిగినంత మాత్రాన బాగున్నట్టూ కాదు. లోడు లేనప్పుడు సరిగ్గా చూపించి, ప్రాసెసర్ కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోయే ఎస్ఎంపీఎస్‌లు చాలా ఉంటాయి. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 మధ్య రావాలి. నిక్కచ్చిగా తేలాలంటే మాత్రం బాగున్న ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి చూడటమే దారి.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవుంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కొంతసేపు అది అలాగే ఉంటుంది, ప్రాణం తీయగలదు.

ఆన్ అయి రెండు మూడు సెకన్లలోనే ఆరిపోతుంటే 4 లేదా 8 పిన్నుల ప్రాసెసర్ పవర్ కనెక్టర్ బిగుతుగా ఉందో లేదో చూడాలి. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) ఒక మూల లేచిపోయినా ఇలాగే జరుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, మళ్లీ చార్జర్ పెట్టి ప్రయత్నించండి. ఇంత చిన్న పనితో లేచేవి తక్కువేం కాదు.

ఇక ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉండే రకం. దీనికి ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల కంప్యూటర్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే తెరకు చేరట్లేదు. అప్పుడు మానిటర్ కేబుల్ చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెడితే తెర చాలావరకు ఖాళీగానే ఉంటుంది. కార్డు పోర్టుకే పెట్టాలి.

క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే మొదటి అనుమానం ర్యామ్ మీదే. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి మిగిలిన కరెంటు దిగనివ్వండి. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ర్యామ్ చివర్ల క్లిప్పులు పక్కకు నొక్కి కడ్డీని నిటారుగా పైకి తీయండి. కింది అంచున బంగారు రంగు పట్టీలు వరసగా ఉంటాయి. వాటి మీద సన్నటి మసక పొర పేరుకుంటుంది, అదే కరెంటు అందకుండా అడ్డుపడేది. మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో తేలిగ్గా రుద్దితే పట్టీలు మెరుస్తాయి. రాలిన రబ్బరు పొడిని పొడి బ్రష్షుతో దులపండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది, గరుకు కాగితంతో గీస్తే పూత లేచిపోతుంది, ఆ రెండూ వద్దు. గాడి చూసుకుని స్లాటులో నిలబెట్టి రెండు చివర్లూ సమంగా నొక్కితే ‘టక్’ మని క్లిప్పు పడాలి. ఆ చప్పుడు రాకపోతే ర్యామ్ సగమే దిగినట్టు.

అయినా లేవకపోతే కడ్డీలు ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఒక్క కడ్డీనే పెట్టేటప్పుడు సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు వాడాలి. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ర్యామ్ మార్చాకో, బయాస్ (విండోస్ కంటే ముందే బోర్డును నడిపే ప్రోగ్రాము) సెట్టింగులు పోయాకో మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ఆ ర్యామ్‌ను అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపితే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. ఓపిగ్గా ఆగాలి.

కొత్త బోర్డుల్లో చాలావాటికి అంచున సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ మొదలయ్యే డిస్కు) అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా నిలబడిపోతే జబ్బు అక్కడుంది. పాత బోర్డులు బీప్ శబ్దాలతో చెబుతాయి, వాటి అర్థం బయాస్ కంపెనీని బట్టి మారుతుంది కనుక ఆ బోర్డు మాన్యువల్‌తోనే పోల్చుకోవాలి.

ఫార్మాట్‌కు అన్యాయంగా బలయ్యే జబ్బు ఇంకొకటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. అది నీరసిస్తే ప్లగ్గు తీసినప్పుడల్లా గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది, బయాస్ సెట్టింగులూ మొదటికి వస్తాయి. తేదీ ఒక్కటే మారితే పెద్ద ఇబ్బంది లేదు. బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోతే మాత్రం విండోస్ తన డిస్కును తానే చదవలేదు. ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిందో దానికి తగిన డ్రైవర్‌నే అది ఆరంభంలో లోడు చేసుకుంటుంది మరి. అప్పుడు ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైజ్’ అని నీలి తెర వస్తుంది. చూసినవాళ్లు విండోస్ పోయిందనుకుంటారు. నిజానికి డిస్కులో ఒక్క ఫైలూ చెడలేదు. బ్యాటరీ మార్చి, బయాస్‌లో పాత పద్ధతి మళ్లీ ఎంచుకుంటే కంప్యూటర్ లేస్తుంది. బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ (కొత్తది) నుంచి లెగసీ (పాతది)కి మారిపోయినా కథ ఇదే.

లోగో వచ్చాక బూట్ డివైజ్ లేదని చెబితే ముందు పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ తీసేయండి. తర్వాత బయాస్‌లోకి వెళ్లి డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తుంటే బూట్ వరస సరిచేయాలి. కనిపించకపోతే డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ రెండు వైపులా తీసి పెట్టాలి, వీలైతే మార్చాలి.

హార్డ్ డిస్కు నుంచి ‘టిక్ టిక్’ మని లయగా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనే ఆశే కొంప ముంచుతుంది. లోపలి తల పళ్లెం మీద గీరుకుంటూ ఉండొచ్చు, ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంత డేటా పోతుంది. అలాంటి డిస్కు మీద చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్కు పరీక్ష) కూడా నడపకూడదు. అది చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా అసలే వద్దు, బయటకు తీయగానే లోపల నీటి తడి పడుతుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) అయితే చప్పుడే ఉండదు, ఉన్నట్టుండి బయాస్ జాబితాలోంచి మాయమవుతుంది. డేటా విలువైనదైతే ఈ దశలో డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

విండోస్ మొదలై కూలిపోతుంటే అది కొంత నయం. వరసగా రెండు మూడుసార్లు బూట్ విఫలమైతే విండోస్ తనంతట తానే రికవరీ తెర చూపిస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, ఈమధ్య వచ్చిన అప్‌డేట్ తీసేసే ఎంపిక, సిస్టమ్ రిస్టోర్, సేఫ్ మోడ్ ఉంటాయి. వీటిని ముట్టుకునే ముందే డేటా తీసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. బయట హార్డ్ డిస్కు తగిలించి, రికవరీ తెరలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్ మెనూలోని ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే కంప్యూటర్‌లోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, బయట డిస్కులోకి వెళ్లి పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించే గీత రాదు, తెర స్తంభించినట్టు అనిపిస్తుంది, భయపడక ఆగండి. మామూలుగా సీ అనే డ్రైవ్ అక్కడ డీ అనో ఈ అనో కనిపించొచ్చు, అదీ సహజమే.

ఈ దారికి అడ్డుపడగలిగేది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం. డిస్కుకు తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, బయాస్ మార్చినా, బోర్డు మార్చినా అడగొచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ తప్పుగా వెళ్లి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. సేఫ్ మోడ్‌లో ఒక్క ఫైలు తీసేస్తే లేచేవే అవి, ఫార్మాట్ అక్కర్లేదు. కానీ బిట్‌లాకర్ కీ చేతిలో లేనిచోట ఆ ఒక్క ఫైలు దాకా వెళ్లడమే గగనమైంది. అవి ఎక్కువగా సంస్థల కంప్యూటర్లు. అయినా ఇళ్లలోని కొత్త విండోస్ 11 కంప్యూటర్లలోనూ చాలావాటికి ఈ తాళం యజమానికి తెలియకుండానే పడి ఉంటుంది. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి చూడొచ్చు. కీ లేకుండా ఆ డిస్కును తెరవడం రిపేరు చేసేవాళ్ల వల్ల కూడా కాదు.

అన్నీ అయ్యాక విండోస్ మళ్లీ వేయక తప్పని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు వేయాల్సిందే. రీసెట్‌లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకున్నా వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి, మధ్యలో ఆగిపోతే ఫైళ్లకూ ముప్పే. కాబట్టి కాపీ తీసుకోకుండా అది కూడా మొదలుపెట్టకూడదు.

కంప్యూటర్ రిపేరుకు ఇచ్చేటప్పుడు తెర మీద కనిపించిన మాటల్ని ఫోన్‌తో ఫొటో తీసి చూపించండి. ‘నన్ను అడగకుండా డిస్కు తుడవొద్దు’ అని కాగితం మీద రాసి క్యాబినెట్‌కే అంటించండి. రిపేరు చేసేవాళ్లు కూడా పని మొదలుపెట్టే ముందు ‘డేటా కావాలా?’ అని నోరు తెరిచి అడగాలి. మీ పత్రికలో కంప్యూటర్ సలహాలు వేసేటప్పుడు ఫార్మాట్ అనే మాట వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్న కూడా వేయమని కోరుతున్నాను. కంప్యూటర్ బాగా నడుస్తున్న పాఠకులు ఈరోజే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి, డివైజ్ ఎన్‌క్రిప్షన్ (పైన చెప్పిన తాళమే) ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, కంప్యూటర్‌లో కాక బీరువాలో పెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్