ట్రైలరు పైకప్పు మీది సోలారు సరే, మంచం కింది బ్యాటరీని ఎవరు తనిఖీ చేస్తున్నారు?

సంపాదకుల గారికి,

నమస్కారములు. కారవాన్ (పడకలు, వంట వసతి ఉన్న చక్రాల గది) ప్రయాణాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. కారు వెనుక ట్రైలరు తగిలించుకొని లేపాక్షికో, గండికోటకో, హార్స్‌లీ హిల్స్‌కో కుటుంబంతో బయలుదేరే తెలుగువారు మా బెంగళూరులోనూ కనిపిస్తున్నారు. సంతోషమే. అయితే పైకప్పు మీద సోలారు పలకలు, లోపల లిథియం బ్యాటరీ పెట్టించుకుంటే ఏసీతో సహా కరెంటుకు కొదవే ఉండదన్నట్లు సాగిన భాగం పాఠకులను తప్పుదారి పట్టిస్తుందన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను. విద్యుత్ ఇంజినీరుగా పదవీ విరమణ చేసిన నేను తెలిసినవారి ట్రైలర్లలో వైరింగు చూసిపెడుతుంటాను.

ముందుగా ఏసీ లెక్క. 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు నిల్వ ఉండేది 2560 వాట్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ కంప్రెసరు ఆగకుండా నడిస్తే గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది కనుక, పడుకోబోయే ముందు వేసిన ఏసీ నడిరాత్రికే ఆగిపోవచ్చు. పైకప్పు మీద 400 వాట్ల పలకలు ఉంటే ఎండ బాగా కాసిన రోజున సుమారు ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు వస్తాయి. బ్యాటరీ కరెంటుతో (డీసీ) నేరుగా నడిచే చిన్న ఫ్రిజ్, తక్కువ కరెంటు తీసుకునే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, దీపాలు, నీటి పంపు, ఫోన్ల ఛార్జింగు వీటితో చక్కగా గడిచిపోతాయి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి పలకలను ఏటవాలుగా కాక కప్పు మీద చదునుగా పరిచినా పెద్ద నష్టం లేదు. అసలు నష్టం వేడి వల్ల వస్తుంది. పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. రాయలసీమ ఎండలో పలక 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు పోయినట్లే. కప్పుకు అతికించేయకుండా, కింద గాలి ఆడేలా కొంత ఖాళీ వదిలి బిగించమని అడగాలి.

లిథియం బ్యాటరీ మీద నాకు వ్యతిరేకత లేదు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఎనభై శాతానికి పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువులో కూడా అది సీసపు బ్యాటరీలో సగం కన్నా తక్కువే. లాగుకుపోయే బండికి ఇది చిన్న ప్రయోజనం కాదు. అన్ని లిథియం రకాలూ ఒకటి కావు. విద్యుత్ కార్లలో విరివిగా వాడే నికెల్ మాంగనీస్ కోబాల్ట్ రకంతో పోలిస్తే ఫాస్ఫేట్ రకంలో ఆక్సిజన్ గట్టిగా బంధించబడి ఉండటం వల్ల అది అదుపు తప్పి మండే అవకాశం బాగా తక్కువ. ఏ రకం సెల్సో, కొత్తవో పాత కార్ల నుంచి తీసినవో రాతపూర్వకంగా చెప్పలేని వ్యక్తి దగ్గర బ్యాటరీ కొనకపోవడమే మంచిది.

బ్యాటరీ ఎంత మంచిదైనా తీగల పని సరిగా లేకపోతే ప్రమాదం తప్పదు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ఇంట్లో 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల పరికరం తీసుకునేది తొమ్మిది ఆంపియర్ల లోపే. అదే పరికరం 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా నడిస్తే, నష్టాలతో కలిపి, దాదాపు 170 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంత ప్రవాహంలో ఒక లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) సరిగా బిగియక అక్కడ వెయ్యో వంతు ఓమ్ నిరోధం మిగిలినా ఆ ఒక్కచోటే సుమారు 29 వాట్ల వేడి పుడుతుంది; బటన్ అంత జాగాలో, ప్లైవుడ్ పక్కన, గంటల తరబడి. లగ్గులను హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టుతో కాక సుత్తితో నొక్కి వదిలేసిన ట్రైలర్లను నేను చూశాను. పెద్ద ఇన్వర్టర్ కావాలనుకునేవారు 24 వోల్టుల వ్యవస్థకు వెళితే ప్రవాహం సగానికి, అదే అతుకులో పుట్టే వేడి నాలుగో వంతుకు తగ్గుతాయి.

దీనికి తోడు ఇంటి బోర్డుల్లో వాడే మామూలు ఎంసీబీనే, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే తెరుచుకునే స్విచ్చునే, బ్యాటరీ తీగకు పెడుతున్నారు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు తెరుచుకోగానే పుట్టే నిప్పు వెలుగు తనంతట ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటులో ఆ సున్నా రాదు, ఆ వెలుగు ఆగకుండా మండుతూ స్విచ్చునే కరిగించవచ్చు. లిథియం బ్యాటరీల వరుస షార్ట్ అయితే వేల ఆంపియర్లు వెలువడతాయి కనుక, అంతటి ప్రవాహాన్ని తెంచగల సామర్థ్యం ఉన్న డీసీ ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్ కొసకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. బ్యాటరీలో బీఎంఎస్ (సెల్సును కాపాడే ఎలక్ట్రానిక్ నియంత్రణ) ఉంది కదా, ఫ్యూజు ఎందుకని కొందరు వాదిస్తారు. బీఎంఎస్ లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్చులు చెడిపోయినప్పుడు తెరుచుకోకుండా మూసుకునే ఉండిపోవచ్చు. అప్పుడు తీగను కాపాడేది ఫ్యూజు ఒక్కటే.

కారు ఆల్టర్నేటరు (ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే పరికరం) నుంచి ట్రైలరు బ్యాటరీకి నేరుగా తీగ లాగడం కూడా సరికాదు. లిథియం బ్యాటరీ తన తక్కువ నిరోధం వల్ల ఆల్టర్నేటరు ఇవ్వగలిగినదంతా లాగి దాన్ని వేడెక్కిస్తుంది, బీఎంఎస్ హఠాత్తుగా బ్యాటరీని తెంచేస్తే వోల్టేజీ ఎగసి ఆల్టర్నేటరులోని డయోడ్లు పాడవచ్చు. మధ్యలో ఆ ప్రవాహాన్ని అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జరు తప్పనిసరి. లడఖ్ దాకా వెళ్లేవారికి ఒక మాట: సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకొని శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఇక ప్రభుత్వం విషయం. 2022లో విద్యుత్ ద్విచక్ర వాహనాలు అగ్నికి ఆహుతైన తరువాత కేంద్రం వాటి బ్యాటరీల భద్రతను నిర్దేశించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినతరం చేసింది. కాని అది వాహనాన్ని నడిపే బ్యాటరీకి సంబంధించినది. మంచం కింద ఉండి ఫ్రిజ్‌ను, ఫ్యాన్‌ను నడిపే బ్యాటరీ దాని పరిధిలోకి రాదు. ఇంటి మేడ మీద సోలారు పెట్టి గ్రిడ్‌కు కలపాలంటే బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ (బెస్కామ్) తనిఖీ జరగవలసిందే. అంతకన్నా ఎక్కువ కదలికకు, కుదుపుకు లోనవుతూ, లోపల పిల్లలు నిద్రించే చక్రాల గదికి అటువంటి తనిఖీ లేకపోవడం అన్యాయం. విద్యుత్ తనిఖీ శాఖ, రవాణా శాఖ కలిసి ఒక చిన్న నిబంధన తెస్తే చాలు: అమర్చిన వ్యక్తి సంతకంతో, తీగల మందం, ఫ్యూజుల విలువలు, బ్యాటరీ రకం సూచించే సర్క్యూట్ పటం ప్రతి ట్రైలరు లోపలి తలుపుకు అతికించి ఉండాలి.

ఆ నిబంధన వచ్చేలోగా కొనుగోలుదారులు బండి తీసుకునే రోజున ఇన్వర్టర్‌ను పూర్తి భారంతో అరగంట నడిపించి, ప్రతి లగ్గు ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిపించుకోవాలని కోరుతున్నాను. వేసవి సెలవులకు ముందే ఈ విషయాన్ని నిపుణులతో రాయించి, బొమ్మలతో సహా ప్రచురించవలసిందిగా మీకు మనవి.

ఇట్లు,
విశ్రాంత విద్యుత్ ఇంజినీరు,
జయనగర్, బెంగళూరు