ఉన్న కంప్యూటర్లనే బాగుచేసుకుంటున్నాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"మేడమ్, ప్రైవేటు బడుల్లో ట్యాబులు ఇస్తున్నారు. మన బడికి కొత్త కంప్యూటర్లు ఎప్పుడొస్తాయి?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఈ ఏడాది కొత్తవి కొనడం లేదు. ఎందుకో, వాటి బదులు ఏం చేస్తున్నామో మీకు తెలియాలి.

ప్రభుత్వ బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణ ఖర్చుల సొమ్ము, పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 250 దాటి వెయ్యి లోపు పిల్లలుంటే 75 వేల రూపాయలు. మన బడి ఆ లెక్కలోకే వస్తుంది. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పక్కన పెట్టాలి. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, సైన్స్ ల్యాబ్ సామాను, చిన్నాచితకా రిపేర్లు అన్నీ మిగతా దాంట్లోనే. అవి పోగా ఒక్క మంచి కంప్యూటర్ కొనగలిగితే గొప్ప. ఆ ఒక్కదాని చుట్టూ క్లాసు మొత్తాన్ని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

మన ల్యాబ్‌లో పది పాత కంప్యూటర్లున్నాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్టు, అంటే ఉచిత భద్రతా అప్‌డేట్లు, ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంత పాత ప్రాసెసర్లకు కుదరదు. పక్కన పడేయమని సలహాలు వచ్చాయి. విప్పి చూస్తే ఫ్యాన్ల నిండా దుమ్ము తప్ప బోర్డులు బాగానే ఉన్నాయి. అసలు నెమ్మది పాత హార్డ్‌డిస్క్‌లో ఉంది. దాన్ని తీసి అంతకంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ బిగించి, ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ) పెంచి, విండోస్ బదులు పైసా కట్టనక్కర్లేని లినక్స్ మింట్ వేశాం. ఇదివరకు స్విచ్ వేస్తే హాజరు పిలవడం పూర్తయ్యేదాకా తెర మీద ఏమీ వచ్చేది కాదు. ఇప్పుడు పిల్లలు బల్లల దగ్గర సర్దుకునేలోపే సిద్ధంగా ఉంటోంది. ఇప్పటికి ఆరు అయ్యాయి, మిగతా నాలుగూ వేసవి సెలవుల్లోపు చేస్తాం.

లినక్స్ నేర్చుకుంటే రేపు ఉద్యోగాలకు పనికొస్తుందా అని కొందరికి టెన్షన్ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే చదువు చెబుతున్నారు. టైపింగ్, ఎక్సెల్ లాంటి లెక్కల పట్టికలు, ప్రోగ్రామింగ్ ఒకసారి చేతికి వస్తే ఏ కంప్యూటర్ మీదైనా చేసుకోవచ్చు. అక్కడ 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో విద్యార్థుల కంప్యూటర్ క్లబ్బులు కూడా మొదలుపెట్టారు. అది చూసే మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకూ రిపేరు పని అప్పగించాం. ఒక అమ్మాయి ఏ కేబుల్ ఎక్కడిదో ముందు చాక్‌పీసుతో బల్ల మీద గీసుకుని, అప్పుడే విప్పింది. తిరిగి బిగించేటప్పుడు ఎవరినీ అడగలేదు. కొత్త కంప్యూటర్ కొని ఉంటే ఆ పాపకు ఈ పని వచ్చేది కాదు.

ఇంటర్నెట్ మీద కూడా పెద్దగా ఖర్చు పెట్టడం లేదు. నెట్ లేకుండా చదువుకోవడానికి వీలుచేసే కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక కంప్యూటర్‌లో తెలుగు వికీపీడియా మొత్తం నింపి, మిగతావాటిని దానికి కలిపాం. నెట్ పోయినా మిగతావాటిలో అది తెరుచుకుంటుంది. గణితానికి జియోజీబ్రా, సైన్స్ ప్రయోగాలకు ఫెట్ సిమ్యులేషన్లు కూడా అలాగే దింపి పెట్టాం. ఫెట్ తెలుగులోనూ దొరుకుతుంది. రెండూ ఉచితమే.

ఇంటి కోసం అప్పు చేసి ట్యాబ్ కొనకండి, దయచేసి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను మీ ఫోన్‌లో ప్రభుత్వ చదువుల యాప్ దీక్షతో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. రోజూ కాసేపు ఫోన్ పిల్లల చేతికిచ్చి, పక్కన కూర్చుంటే చాలు.

మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. ఇంట్లో వాడకుండా పడివున్న ల్యాప్‌టాప్, మానిటర్, కీబోర్డు ఉంటే ఇవ్వండి. మీ ఫొటోలు, బ్యాంకు వివరాలు ముందే తీసేయండి. మీలో ఎలక్ట్రీషియన్లు ఎవరైనా ఉంటే ఒక పూట వచ్చి ల్యాబ్ ఎర్తింగ్ చూడాలి. వోల్టేజీ హెచ్చుతగ్గులకు ఇప్పటికే రెండు యూపీఎస్‌లు పోయాయి, బాగుచేసిన కంప్యూటర్లకు కూడా అదే గతి పడుతుందని నా భయం.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగు నుంచి ల్యాబ్ తెరిచి ఉంచుతాం. పిల్లలతో కలిసి రండి. ఈ ఏడాది ఖర్చుల పుస్తకం, బిల్లులు అక్కడే బల్ల మీద ఉంటాయి, చూసి అడగాల్సినవి అడగండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు