బొలోన్యా పోస్టాఫీసులో పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయిన పెద్దావిడకు

కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను. పీజీ చదువు కోసం ఇటలీలోని బొలోన్యాకు వచ్చి కొన్ని రోజులే అయింది. ఈ దేశంలో ఉండటానికి కావాల్సిన రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తు రసీదు ఈ మధ్యాహ్నమే నా చేతికొచ్చింది. అది వచ్చిందంటే కారణం ఒక పెద్దావిడ.

మన దగ్గర నుంచి చదువుకు వచ్చేవాళ్ళు ఇక్కడ దిగిన 8 పనిదినాల్లోగా ఆ దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో ఇచ్చే కిట్‌లోని ఫారాలు నల్ల సిరాతో నింపి, పాస్‌పోర్టు నకళ్ళు, అడ్మిషన్ పత్రం, బీమా, బ్యాంకు కాగితాలు జతచేసి, కవరు అంటించకుండా అక్కడే ఇవ్వాలి. ఫారాలన్నీ ఇటాలియన్‌లోనే. పైగా 16 యూరోల రెవెన్యూ స్టాంపును పొగాకు దుకాణంలో కొనుక్కురావాలి. రోజులన్నీ గది వెతుక్కోవడంలోనే గడిచిపోయి, ఈ రోజు గడువులో ఆఖరి రోజైంది. కౌంటరులోని ఉద్యోగి నా కవరు తిరగేసి, గబగబా ఏదో చెప్పి వెనక్కి నెట్టేశాడు. మళ్ళీ అడిగితే ఫారంలో రెండుమూడు చోట్ల వేలితో తట్టి, తర్వాతి నంబరు పిలిచాడు.

బల్ల మీద కూలబడ్డాను. నా పక్కనే గ్యాసు బిల్లు పట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఏమీ అడగకుండానే ఆ ఫారం తన ఒళ్ళోకి తీసుకున్నారు. మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని, సంచీలోంచి పెన్ను తీశారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. నా ఇంటిపేరును ఒక్కొక్క అక్షరం కింద గోరు ఆనించి చూస్తూ, గడికొక అక్షరం చొప్పున పెద్దక్షరాల్లో రాశారు. ప్రతి అక్షరం రాశాక తలెత్తి నా ముఖంలోకి చూసేవారు, సరేనా అన్నట్టు. ఈలోగా తెరమీద ఆవిడ నంబరు వచ్చింది. చూశారు, లేవలేదు. తర్వాతి నంబరు కూడా వచ్చి వెళ్ళిపోయింది. బిల్లు మడతపెట్టి సంచీలో వేసుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. అంతసేపూ బిగబట్టుకున్నదాన్ని అక్కడ ఆపుకోలేకపోయాను. అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ ఎడమచేత్తో నా వీపు నిమురుతూ కుడిచేత్తో రాస్తూనే ఉన్నారు.

స్టాంపు కోసం వానలో, వీధుల పొడవునా ఇళ్ళ ముందుండే వరండాల కిందుగా నన్ను చెయ్యి పట్టుకుని పొగాకు దుకాణానికి తీసుకెళ్ళారు. (ఈ ఊరి వరండాలకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ రోజు నా కాగితాలు తడవకుండా కాపాడింది కూడా అవే.) దుకాణంలో స్టాంపుకు నగదే ఇవ్వాలన్నారు, నా దగ్గర కార్డు తప్ప ఏమీ లేదు. ఆవిడే 16 యూరోలు కట్టారు. ఏటీఎం వైపు చూపించి తిరిగి ఇస్తానంటే వద్దని తల ఊపారు. కౌంటరులో రసీదు మీద ముద్ర పడేదాకా నా పక్కనే నిలబడి, చెంప తట్టి వెళ్ళిపోయారు. పేరు అడిగే తెలివి కూడా ఆ క్షణంలో నాకు లేకపోయింది.

మామ్మగారూ, మీ గ్యాసు బిల్లు కట్టే పని నా వల్ల ఆగిపోయింది. ఈ తెలుగు మీరు చదవలేరని తెలుసు. అయినా రాస్తున్నాను.

అమ్మా నాన్నలకూ అన్నయ్యకూ వేరే చెప్పాలా, రోజూ ఫోనులో తోడుగా ఉన్నది వాళ్ళే.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. మాకు 8 పనిదినాల గడువు, ఒక్కరోజు దాటితే భయం. చట్టం ప్రకారం పర్మిట్ 60 రోజుల్లో ఇవ్వాలి. నాకు వేలిముద్రలకే వచ్చే ఏడాది తేదీ ఇచ్చారు! ఉండే చిరునామా లేనిదే కాగితాలు కదలవు, కాగితాలు లేవంటే గది ఇవ్వరు. స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పటికో వస్తుంది, అడ్వాన్సు మాత్రం ముందే కట్టాలి. 2023లో అద్దెలు భరించలేక ఇటలీ విద్యార్థులే విశ్వవిద్యాలయాల ముందు టెంట్లు వేసుకుని పడుకున్నారు. ఈ దేశంలో పుట్టిన పిల్లలకే అంత కష్టమైతే, భాష రాని మేము ఎవరిని అడగాలి? ఒక పెద్దావిడ సొంత పని మానుకుంటే తప్ప పూర్తికాని దరఖాస్తును అలా ఎందుకు ఉంచారు?

అయ్యో, మరిచిపోయాను. రాత్రిపూట స్టేషనుకొచ్చి పెద్ద సూట్‌కేసు తానే మోసిన ఖమ్మం సీనియర్ అక్కకు, గది దొరికేదాకా తన గదిలో పరుపు వేసిన కేరళ అమ్మాయికి చాలా థాంక్స్. నేను రాని తరగతుల నోట్సు పంపిన సహాధ్యాయికి కూడా. ఇంకా, ఆదాయ ధ్రువపత్రం కోసం, అది విదేశంలో చెల్లేలా వేయించే అపోస్టిల్ ముద్ర కోసం మా నాన్నతో పాటు ఆఫీసుల చుట్టూ తిరిగిన పక్కింటి బాబాయిగారికి. బాబాయిగారూ, మీ పేరు ముందే రాయాల్సింది, ఏమీ అనుకోకండి.