జిగురు అట్టలు దయచేసి ఆపుదాం
అందరికీ నమస్కారం. నిన్న పొద్దున మన మెట్ల కింద, ఎలుకల కోసం పరిచిన జిగురు అట్టకి ఉడుత పిల్ల అతుక్కుపోయి ఉంది. పెనుగులాడి పొట్ట మీద బొచ్చంతా ఊడింది, ఇంకా కీచుమంటానే ఉంది. నూనె రాసి మెల్లగా వదిలించేసరికి అరగంట పట్టింది. నా చేతులు వణికాయి. ఎలుకకైనా అదే నరకం కదండీ. వీటిని నిషేధించమని జంతు సంక్షేమ బోర్డు 2011లో, మళ్లీ 2020లో రాష్ట్రాలకు రాసింది.

ఎలుకల బాధ నిజమే, మా బియ్యం బస్తా కూడా కొరికాయి. చిన్నబజారు నుంచి రెండు బోన్లు తెచ్చా, వాచ్‌మన్ గదిలో ఉన్నాయి. పెడితే పొద్దునా సాయంత్రం తప్పకుండా చూడండి. పెన్సిల్ దూరే సందు చాలు, చిట్టెలుక వచ్చేస్తుంది. పైపుల చుట్టూ స్టీల్ పీచు కుక్కి సిమెంట్ పూయించాలి. ఆదివారం మేస్త్రీ వస్తాడు. చెత్త డబ్బాలకి మూతలు కూడా కావాలి.